ఎదురు గట్టు బట్టీ

"అదిగో, మళ్లీ పొగ! సూసినావేటే?" సింహాచలం తన రొట్టెల బట్టీ వదిలేసి వాకిట్లోకి వచ్చి, ఎదురు గట్టు మీది గంగి గుడిసె వైపు వేలు చూపించాడు.

"సూసినాను. ఇక్కడ నీ రొట్టెలు మాడిపోతన్నాయి, లోపలికి రా," అంది పెళ్లాం రత్నాలు.

పంతొమ్మిది వందల ఇరవై ఆరులో, కాఫీ తోట దొరకి రొట్టెలు కాల్చిపెట్టడానికి విజయనగరం నుంచి అరకు లోయకి ఎక్కివచ్చాడు సింహాచలం. ఈ కొండల్లో మొదటి బట్టీ తనది. దొర మెచ్చుకున్నన్నాళ్లే ఇక్కడ బతుకు. లేకపోతే మూటాముల్లే సర్దుకుని దిగిపోవడమే. అలాంటిది ఈ కొండమనిషి గంగి నాలుగు రోజులు తన వాకిట్లో నిలబడి చూసి, పుట్టమన్నుతో తనూ ఓ బట్టీ కట్టేసింది! ఆనాటి నుంచి సింహాచలానికి కడుపు మండిపోతోంది.

"ఎవుడి కోసమే అది కాలుస్తంది? దాని రొట్టె తినీవోడెవుడు?"

"నాకేటి తెల్సు? ఆ కల్లు పులిసిపోనాది, పిండిలో పొయ్యకు."

పిండి పొంగడానికి జీలుగు కల్లు కలపాలి. సింహాచలం కుండ ఎత్తి ఓ గుక్క తాగి చూశాడు.

"బాగానే ఉంది. పదేళ్ల నుంచి కాలుస్తన్నోడికి నువ్వు సెప్తావేటే?"

మన్యం జ్వరం నుంచి లేచి నెల్లాళ్లయినా అతనికి ఏ కూరా రుచించడం లేదు. అదీ గంగి మీద కసి వల్లనే అనుకున్నాడు.

రత్నాలు గంపెత్తుకుని బంగళాకి వెళ్లివచ్చింది. "దొర సేనా బాగుందన్నాడు," అంది రోజూలాగే.

"దార్లో దాని గుడిసె కాడ ఆగినావెందుకు?"

"దాహమేసింది."

దొర మెప్పు విన్నా మంట చల్లారలేదు. నేడో రేపో ఆ గంగి తన చోటు లాక్కోదూ?

సంత రోజున గంగి ఊళ్లో లేదు. సింహాచలం గునపం పట్టుకెళ్లి ఆమె బట్టీని నేలమట్టం చేసి, ఇంట్లో చెప్పకుండా హాయిగా నిద్రపోయాడు. మర్నాడు రొట్టెలు తనే గంపలో సర్ది పంపాడు. గట్టు మీద రత్నాలు గంప దించి చాలాసేపు నిలబడిపోవడం చూసి లోలోపల నవ్వుకున్నాడు.

ఆమె నిండు గంపతోనే తిరిగి వచ్చింది.

"దొర ఒక్క ముక్క కొరికి ఉమ్మేసినాడు. రేపే దిగిపొమ్మన్నాడు."

"అదేటే! నిన్నటి దాకా మెచ్చుకున్నోడు... అదే సెయ్యి, అదే బట్టీ కదే!"

రత్నాలు గంప కింద పెట్టి, చెంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఈ నెల్లాళ్లూ దొర తిన్నది గంగి రొట్టె."