ఎర్రబోరు తూనీగ

“ఏంటమ్మా ఇది, గేమ్ ఆడే పెట్టా, బియ్యం డబ్బానా?”

శ్యామ్‌ప్రసాద్ గారు టీవీ కింద ఉన్న నల్ల పెట్టెని ఒంటి చేత్తో ఎత్తబోయి, వల్లకాక దించేశారు. జగదల్‌పూర్ నుంచి కోంటా దాకా నాలుగు టీవీ షాపులున్న మనిషి. పుట్టి పెరిగింది కిరండూల్ రైల్వే క్వార్టర్లలో. మాట మాత్రం వాళ్ళ నాన్న వెంట తెచ్చుకున్న విజయనగరం మాటే. నోరు తెరిచారంటే ఎదుటివాళ్ళకి వంతు రాదు.

“తూనీగ అని పేరు పెట్టినం సార్,” అంది దుర్గ.

“పేరు తూనీగ, బరువు దున్నపోతు! మొన్నటి గాలివానకి రోడ్డు మీద పడ్డ చెట్లు తప్పించుకుంటూ వచ్చేసరికి ఇప్పటికే నడుం విరిగింది, ఇది ఎత్తితే మిగిలింది కూడా పోతుంది. సరే, ఏం చేస్తుందిది?”

దుర్గకి కోంటా దగ్గరి ఎర్రబోరు రోడ్డు మీద కంప్యూటర్ గేముల దుకాణం. ఒకప్పుడు కుర్రకారు పెన్‌డ్రైవులు పట్టుకుని గేములు ఎక్కించుకోడానికి వరస కట్టేవారు. ఇప్పుడు ఇళ్ళల్లో కంప్యూటర్లు మూలపడ్డాయి, వాటితో పాటే దుకాణమూ మూలపడింది. కానీ టీవీలు ఎక్కడికీ పోలేదు కదా! అందుకని దుర్గ, ఆమె మొగుడు సతీష్ కలిసి, తమ దగ్గరున్న గేములన్నీ టీవీలోనే ఆడుకునేలా సొంతంగా ఒక పెట్టె తయారుచేశారు. కీబోర్డు వద్దు, బల్లా కుర్చీ వద్దు. చాప మీద కూచుని రిమోట్ పట్టుకుంటే చాలు. ఈయన తన షాపుల్లో దాన్ని పెడితే దుకాణం బతుకుతుంది. పెట్టకపోతే షట్టర్ దించేసి, మొగుడూ పెళ్ళాం మిర్చి కోతలకి ఖమ్మం వైపు పోయే బండెక్కాల్సిందే.

“ముందే చెబుతున్నానమ్మా,” అంటూ శ్యామ్‌ప్రసాద్ గారు చాప మీద మఠం వేసుకున్నారు. “ఇలాంటి పెట్టెలు నేనూ అమ్మాను. మీ వైపు కరెంటు సంగతి తెలిసిందే. ఆట మంచి రంజు మీదుండగా టప్‌మని పోతుంది, పెట్టె చస్తుంది, కొన్నవాడు దాన్ని తెచ్చి నా నెత్తిన పడేస్తాడు.”

“సార్, అదే చెప్దామని...”

“నువ్వాగు. కరెంటు పోయినా మాది ఆగదంటావు, అంతేగా? అందరిదీ అదే పాట. స్విచ్ ఆపి చూపిస్తానంటావు. స్విచ్ ఆపడం వేరు, కరెంటు దానంతటది పోవడం వేరు. అది పోయేదాకా ఇక్కడే కూచుంటా. ఆట ఆగిందా, నా కారు నేనెక్కుతా. ఆగలేదా, నాలుగు షాపుల్లోనూ పెడతా.”

“అట్ల కాదు సార్, జర నా మాట వినుండ్రి...”

ఆయన వింటేగా! గోడ బోర్డులో ప్లగ్ ఉందా, స్విచ్ వేసి ఉందా అని చూసుకుని, “ఊఁ, కానీ” అన్నారు.

దుర్గ సతీష్ వైపు చూసింది. సతీష్ పెట్టె మీది చిన్న పచ్చ దీపం వైపు చూసి, ఊరుకోమని సైగ చేశాడు. ఇక దేవుడి మీద భారం వేసి, టీవీ వైరు కూడా పెట్టె వెనకే తగిలించి, దుర్గ ఆట పెట్టింది. సతీష్ సొంతంగా చేసిన కోడిపందెం ఆట.

“నేనెవరితో ఆడాలి?”

“మా అత్తతోటి సార్.”

అత్త హిడ్మే పొయ్యి దగ్గర నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి కూచుంది. ఆవిణ్ణి చూసి శ్యామ్‌ప్రసాద్ గారు నవ్వారు. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. హిడ్మే ఎర్రకోడి ఆయన తెల్లకోడిని మట్టి కరిపించింది.

“అయ్యో, కొత్త కద బిడ్డా,” అంది హిడ్మే జాలిగా. “మల్ల ఆడు.”

మళ్ళీ ఆడారు, మళ్ళీ ఓడారు. పెద్దమనిషికి పౌరుషం పొడుచుకొచ్చింది. “ఎర్రకోడి నాకివ్వు పెద్దమ్మా, మహిమంతా దాన్లోనే ఉంది,” అన్నారు. ఎర్రకోడితోనూ ఓడారు. చొక్కా చేతులు మడిచారు. కట్టెల పొయ్యి మీద కాచిన టీ ఇస్తే తెర మీంచి చూపు తిప్పకుండానే తాగారు. ఆయన ఫోన్లో చార్జింగ్ అయిపోతే దుర్గ దాన్ని తీసుకుని పెట్టెకే తగిలించింది. “ఓహో, ఇదీ చేస్తుందా!” అని మళ్ళీ ఆటలో పడ్డారు.

దుర్గకి మాత్రం ప్రాణాలు అరచేతిలో ఉన్నాయి. ఆ పచ్చ దీపం ఆరిందంటే తమ బతుకు దీపం ఆరినట్టే. ఇంకొంచెం సేపు తల్లీ, ఇంకొంచెం సేపు అని ఊరి దేవతకి మొక్కుకుంటూ కూచుంది. పొద్దు వాలింది. గదిలో మసక కమ్మింది.

“లైటు వెయ్యి బాబూ.”

“చీకట్లయితెనే బొమ్మ మంచిగ కనబడ్తది సార్,” అన్నాడు సతీష్ గబగబా.

“అదీ నిజమే!”

ఆఖరికి ఒక్క పందెం గెలిచారు శ్యామ్‌ప్రసాద్ గారు. “కొట్టా పెద్దమ్మా, కొట్టా!” అని అరుస్తూ చాప మీంచి లేచి గంతులేశారు. హిడ్మే కూడా చప్పట్లు కొట్టి నవ్వింది. తన ఆట ఆ మనిషిని అట్లా గంతులేయించినందుకు సతీష్ కళ్ళు చెమర్చాయి.

అంతలో ఆయనకి టైము గుర్తొచ్చింది. కండువా సర్దుకుని, ముఖం కొంచెం చిన్నబుచ్చుకున్నారు.

“ఆట అద్భుతం, కాదనను. కానీ మాటంటే మాటేనమ్మా. ఇంతసేపు కాసుక్కూచున్నా, ఇవాళే చూసి మీ కరెంటు పోకుండా మొండికేసింది. అది చూడందే నా షాపుల్లో పెట్టలేను. ఏమనుకోకు.”

గుమ్మం దాకా వెళ్ళి, ఎందుకో ఆగి వెనక్కి తిరిగారు.

“అవునూ, పొద్దున్న నువ్వేదో చెప్పబోయావు. ఏంటమ్మా అది?”

దుర్గ పెట్టె వైపు చూసింది. పచ్చ దీపం నిక్షేపంగా వెలుగుతోంది. గుండెల నిండా ధైర్యం వచ్చింది ఆమెకి. పైటకొంగు నడుముకి దోపి, ఆయన ఎదురుగా నిలబడి, పళ్ళన్నీ కనబడేలా నవ్వింది.

“కరెంటు పోవాలంటే, మూడు దినాల సంది అసలు వస్తే కద సార్!”