పార్కులో దొరికిన శిష్యుడు

"ఈ గీత ఏంటి బాబూ?"

పక్కన కూర్చున్న పెద్దాయన ఫోన్‌లోకి తొంగిచూస్తూ అడిగాడు.

సాత్విక్‌కి చిరాకేసింది. కానీ ఎక్కడో ఉత్తరాదిన, ఈ ఇందిరాపురం పార్కులో తెలుగు వినబడేసరికి మెత్తబడ్డాడు.

"సపోర్ట్ అంటారంకుల్. షేరు ధర ఇక్కడిదాకా పడి మళ్లీ లేస్తుంది."

"లేవకపోతే?"

"లేస్తుందండి. ఇప్పటికి మూడుసార్లు లేచింది."

"అచ్ఛా. నాక్కూడా కాస్త నేర్పుతావా?"

ఆయన పేరు కనకయ్య. ఎక్కడో రిటైరై, బి బ్లాకులో కొడుకు దగ్గర ఉంటున్నాడు.

సాత్విక్ చార్టులు చూడడం మొదలుపెట్టి అప్పటికి రెండు నెలలు, అదీ యూట్యూబ్ పుణ్యమా అని. అయినా శిష్యుడు దొరికేసరికి గురువుగారికి ఎక్కడలేని గాంభీర్యం వచ్చింది. రోజూ సాయంత్రం ఆఫీసు పని ముగించుకుని, అదే బెంచీ మీద పాఠం చెప్పేవాడు.

కనకయ్య అన్నీ బుద్ధిగా వినేవాడు. చివర్లో మాత్రం ఒకటే ప్రశ్న.

"నీ లెక్క తప్పి నష్టమొస్తే ఎక్కడ ఆగుతావు బాబూ?"

"తప్పదంకుల్," అని సాత్విక్ నవ్వేసేవాడు.

అతని చేతిలో ఉన్నది భార్య డబ్బు. ఉద్యోగం మానేసినప్పుడు సుభాషిణికి వచ్చిన నాలుగు లక్షల పీఎఫ్. దాంతో తాముండే అపార్ట్‌మెంట్ల సొసైటీలోనే పిల్లల క్రెష్ పెట్టాలని ఆమె ఆశ. "రెండు నెలలు ఆగు, ఆరు చేసిస్తా" అని తీసుకున్నాడు.

మొదటి వారం కాస్త లాభం వచ్చింది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. మొత్తం తీసుకెళ్లి ఒకే షేరులో పెట్టేశాడు.

ఆ షేరు పడింది. గీత దాటి కిందికి జారింది. సాత్విక్ అమ్మలేదు, గీతనే చెరిపేసి ఇంకాస్త కింద గీసుకున్నాడు.

"నిన్న ఈ గీత పైన ఉన్నట్టుంది కదా బాబూ?" అన్నాడు కనకయ్య.

సాత్విక్‌కి ఎక్కడో గుచ్చుకుంది.

"మీ వయసులో ఇవి బుర్రకెక్కవంకుల్. పోయి భజన చేసుకోండి."

కనకయ్య నెమ్మదిగా లేచి వెళ్లిపోయాడు. మర్నాటి నుంచి సాత్విక్ పార్కు ఛాయలకే పోలేదు.

నెల తిరిగేసరికి మూడొంతుల డబ్బు ఆవిరైంది. సుభాషిణి క్రెష్ కోసం ముందే కొన్న చిన్న చిన్న కుర్చీలను బాల్కనీలో పేర్చి, మీద పాత దుప్పటి కప్పింది. తిట్టినా బాగుండేదని సాత్విక్‌కి అనిపించింది.

ఎక్కడ ఆగుతావని అడిగిన మనిషి ఒక్కడే గుర్తొచ్చాడు. తలదించుకుని బి బ్లాకుకి వెళ్లాడు.

కోడలు ఉష తలుపు తీసింది.

"మావయ్యగారు పోయి పన్నెండు రోజులైందండి. నిద్రలోనే."

సాత్విక్ చెప్పులు విడవబోయి ఆగాడు.

"క్షమించమని అడుగుదామని వచ్చానండి. పాపం, చార్టులు నేర్చుకోవాలని ఎంతో ముచ్చటపడ్డారు. నేనే విసుక్కున్నాను."

ఉష అతని వంక వింతగా చూసింది.

"ఆయన నేర్చుకోవడమేంటండీ? ముప్పై ఏళ్లు బ్యాంకులో, మార్కెట్లో కొని అమ్మే డీలర్లకి ఆ చార్టులే నేర్పారు. 'ఆ అబ్బాయి చెబితే వినే రకం కాదమ్మా, అడిగితేనైనా ఆలోచిస్తాడు' అంటూ, పోయే ముందురోజు దాకా మీకోసమే ఆ బెంచీ దగ్గరికి వెళ్లొచ్చేవారు."