వచ్చేటాయన కుర్చీ

“పెద్దయ్యా, ఆ కుర్చీల కూసోకు. జర లేవు.”

చర్చి ఊడుస్తున్న నర్సింగమ్మ చీపురు పక్కన పడేసి గబగబా వచ్చింది.

ముసలాయన అప్పటికి సగమే కూర్చున్నాడు. నడుము పూర్తిగా వంగిపోయిన మనిషి. ఎదుటివాళ్ల ముఖం చూడాలంటే మెడ పక్కకు తిప్పుకోవాలి. మర్రిగూడ దిక్కు ఫ్లోరైడు బోరునీళ్లు ఏళ్ల తరబడి తాగినవాళ్లు అలాగే వంగిపోతారు. నర్సింగమ్మ మోకాళ్లు పట్టేసిందీ ఆ నీళ్లకే. ఆమెకు వింతేమీ అనిపించలేదు.

“బస్సుకు ఇంకా టైమున్నది బిడ్డా. బయట సలి పెడ్తాందని లోపటికొచ్చిన.”

“కూసో, ఎవలొద్దన్నరు? గీ బల్ల మీద కూసో. అది వచ్చేటాయన కుర్చీ.”

ముసలాయన కర్ర ఊతంతో లేచి బల్ల మీదికి మారాడు. కుర్చీ మీద పరిచిన నల్ల గొంగడినే చూస్తూ అడిగాడు.

“వచ్చేటాయనంటే ఏసుప్రభువా?”

నర్సింగమ్మ నవ్వింది.

క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాలు ఆ చర్చిలో ఆగమన కాలం. ఆదివారానికో కొవ్వొత్తి వెలిగిస్తారు. “ఆయన ఏ రూపాన వస్తాడో తెలియదు, మెలకువగా ఉండండి” అని పాస్టరయ్య ఏటా చెప్పేదే చెబుతాడు. అందరూ విని, ఇంటికి పోయి అన్నం తిని పడుకుంటారు. నర్సింగమ్మ విని ఊరుకునే రకం కాదు. ఏకంగా కుర్చీయే వేసింది. అయితే ఆమె ఎదురుచూపు ప్రభువు ఒక్కడి కోసమే కాదు.

“నా కొడుకు సైదులు చిన్నగున్నప్పుడు సీతాఫలాలకని గుట్టెక్కి రాళ్లల్ల పడ్డడు. కాలు ఇరిగింది. ఎవలో గొర్లాయన వాన్ని గీ గొంగడిల సుట్టి, బుజాన ఏసుకొని గుట్ట దిగి, దవాఖానల పండవెట్టి పోయిండు. నేను ఉరికెటాళ్లకు మనిషి లేడు. గొంగడే ఉన్నది.”

“గొర్లను గుట్ట మీద ఇడిసిపెట్టి వచ్చినోడు ఎట్ల నిలవడ్తడు బిడ్డా.”

“ఎంత ఎతికిన్నో. నకిరేకల్ దాకా పోయి, కనవడ్డ గొర్లాయననల్లా అడిగిన. ఆయన దొరికితే నా చేతులతోని ఆయన బుజాల మీద కప్పాలె. పానం పోయేలోపల నాకు గదొక్కటే కోరిక.”

“సూస్తె గుర్తువడ్తడా?”

“పడకేం? పోరన్ని బుజానేసుకొని గుట్ట దిగినోడు. గింత ఎత్తు ఉంటడు.”

నర్సింగమ్మ చెయ్యి తలపైకి ఎత్తి చూపించింది. ముసలాయన మెడ తిప్పి చూడబోయాడు కానీ, చూపు అంత ఎత్తుకు అందలేదు.

“గా మూలకు ముడి ఉన్నదేంది?”

“మొదటి సంది ఉన్నది. ఏటా ఎండకేస్త గని, ముడి జోలికి పోను. పరాయోళ్ల ముడి మనమెందుకు ఇప్పాలె?”

“మంచిగ దాసినవ్ బిడ్డా.”

ఆయన తువ్వాలు కొసతో కళ్లు తుడుచుకున్నాడు. చలికేమో అనుకుంది. ఒంటిమీద పల్చటి తువ్వాలు తప్ప ఇంకేమీ లేదు. నర్సింగమ్మకు జాలేసింది. చెయ్యి గొంగడి మీదికి పోయింది కూడా. కానీ ఇంకొకరి సొమ్ము, ఎట్లా కప్పుతుంది? మనసొప్పక చెయ్యి వెనక్కి తీసుకుంది.

“ఉండు, చాయ్ తెస్త.”

పక్కనే ఇల్లు. చాయ్ కాచి తెచ్చేసరికి ముసలాయన గడపలో నిలబడి ఉన్నాడు. కర్ర చంకన ఇరికించి, ఎడమచేత్తో గ్లాసు అందుకున్నాడు. కుడిచేతి పిడికిలి బిగిసే ఉంది. నడుముతో పాటు వేళ్లు కూడా పట్టేసినట్టున్నాయి, పాపం అనుకుంది నర్సింగమ్మ.

“పిలగాడు ఇప్పుడు మంచిగ నడుస్తుండా?”

“నడుసుడేంది, ఉరుకుతడు. ఆటో తోలుతడు. అగో, వస్తనే ఉన్నడు. సైదులూ, పెద్దయ్యను బస్టాండుల దించిరా. కిరాయి తీసుకోకు.”

ముసలాయన సైదులు కాళ్ల వైపు చూస్తూ ఆటో ఎక్కాడు.

సాయంత్రం రెండు మూడు కిరాయిలు చూసుకుని సైదులు తిరిగొచ్చాడు. నుదుట పచ్చటి పసుపు.

“గిదేందిరా? ఆగమన కాలంల, చర్చి ముందట నుదుట గా బొట్టేంది? పాస్టరయ్య సూస్తె ఏమంటడు?” నర్సింగమ్మ కొంగు తీసుకుని తుడవబోయింది.

“ఆ తాత పెట్టిండే. మల్లన్న బండారంట. నేను వద్దననీకె నోరు రాలే.”

“ఎందుకు రాలే?”

“ఆటో దిగినంక కాలు సాపమన్నడు. ఏ కాలు ఇరిగిందని అడుగలే అమ్మా. ఇరిగిన జాగల్నే తడిమి సూసిండు. కండ్లల్ల నీళ్లు పెట్టుకున్నడు. పిడికిట్ల ఉన్న బండారి నా నుదుట రాసిండు. ‘ఇగ నాకు ఫికర్ లేదు’ అనుకుంట బస్సెక్కిండు.”

నర్సింగమ్మ చేతిలో కొంగు ఆగిపోయింది.

“ఏ ఊరు? పేరేంది?”

“అడిగిన. నవ్విండు గని చెప్పలే. ఏమైందే?”

ఆమె పట్టేసిన మోకాళ్లతోనే చర్చిలోకి పరుగెత్తింది. గొంగడి కుర్చీ మీద ఎప్పటికన్నా శ్రద్ధగా పరిచి ఉంది. ఒక మూల మాత్రం కిందికి మడిచి ఉంది.

ఆ మూల బయటికి లాగింది.

ఇన్నేళ్లుగా ఎవరూ విప్పని ముడి విప్పి ఉంది, ముడతల్లో కొడుకు నుదుటి మీదున్న బండారే ఇంకా కొంచెం అంటుకొని ఉంది.