పగ్గం పట్టని మనిషి

బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి పోయే చెరుకు బండ్లకు ఒక ఆనవాయితీ ఉంది. దారిలో ఎక్కినవాడు కాసేపు పగ్గం పట్టాలి, బండి మనిషి కునుకు తీయాలి. అదే కిరాయి.

1972 చలికాలం. ఆ పొద్దున రోడ్డు పక్క మోరీ గోడ మీద కూర్చున్న ఒకాయన భోజన్న బండిని ఆపాడు. బస్సు చెడిపోయిందట. ఒంటి నిండా శాలువా కప్పుకున్న మనిషి, గోడ మీది నుంచే బండి ముందు భాగంలోకి జరిగి కూర్చున్నాడు.

భోజన్న చెరుకు గడ విరిచి ఇవ్వబోయాడు. వద్దన్నాడు. బీడీ ఇవ్వబోయాడు. అదీ వద్దన్నాడు.

పేరు ఎజాజ్ అట. కాలేజీలో విమానాల చదువు చెబుతాడట. మనిషి లేకుండా పోయి, తనంతట తానే తిరిగొచ్చే చిన్న విమానం చేశాడట. ఫ్యాక్టరీ వెనక మైదానంలో ఇవాళే పరీక్ష. తప్పితే ఆ పని మూసెయ్యమని పెద్దలు తేల్చి చెప్పారట.

భోజన్నకు నవ్వొచ్చింది.

"నడిపెటోడు లేని ఇమానం ఎందుకు సార్?"

"ఒకప్పుడు నేనూ నడిపినవాణ్ణే. ఇప్పుడు ఎక్కనివ్వరు. అందుకే ఎవరూ ఎక్కక్కర్లేనిది చేశాను."

ఈ గొడవంతా భోజన్నకెందుకు? చెరుకు కొట్టి కొట్టి ఒళ్ళు హూనమైంది.

"జర పగ్గం పట్టు సార్. కన్ను మూస్త."

"పట్టను. వదిలెయ్యి అన్నా, నీ ఎద్దులకు దారి తెలుసు."

భోజన్నకు ఒళ్ళు మండింది. గడ ముట్టడు, బీడీ ముట్టడు, ఇప్పుడు పగ్గం కూడా ముట్టడా?

"రైతు పగ్గం పడితె సేతులు అరిగిపోతయా? దిగు."

"దిగుతా. నా విమానం మాత్రం ఎగురుతుంది."

దూకి, తలెత్తుకుని నడిచిపోయాడు. బరువు బండి కంటే మనిషి నడకే వేగం. మలుపు దగ్గర కనబడకుండా పోయాడు.

పంతంతో కొంతదూరం నిద్ర ఆపుకున్నాడు భోజన్న. ఆగలేదు. పగ్గం గుంజకు చుట్టేసి ఒరిగాడు.

కళ్ళు తెరిచేసరికి బండి ఫ్యాక్టరీ గేటు ముందు వరసలో నిలబడి ఉంది. ఎద్దులు తీరుబడిగా నెమరేస్తున్నాయి.

పైన ఒక చిన్న విమానం చుట్టు తిరిగి మైదానం వైపు మళ్ళింది. అందులో మనిషి పట్టే చోటే లేదు.

భోజన్నకు సిగ్గేసింది. బండిలోంచి మంచి గడ ఒకటి లాగి పరుగెత్తాడు. ఈసారి వద్దంటే ఊరుకునేది లేదనుకున్నాడు.

విమానం ఎజాజ్ ఎదుటే వచ్చి దిగింది. మూసెయ్యమని తేల్చి చెప్పిన పెద్దలు ఇప్పుడు చప్పట్లు కొడుతున్నారు. ఆయన ఒక్కడే కొట్టడం లేదు.

"తప్పయింది సార్. గిది తీస్కో."

భోజన్న గడ చాచి నిలబడ్డాడు.

అప్పుడే గాలికి ఆయన శాలువా జారింది, కింద చొక్కా చేతులు రెండూ ఖాళీగా ఊగుతున్నాయి.