మీటరు ముందు కుర్చీ

“పాలు మళ్లా విరిగినయ్. ఫ్రిజ్ ఎవరు బంద్ చేసిన్రమ్మా?”

రచన గిన్నె పట్టుకుని వంటింటి గడపలో నిలబడింది. పొయ్యి దగ్గర చెమటలు కారుతున్న అరుంధతి తల తిప్పకుండానే గరిటెతో వరండా వైపు చూపించింది.

వరండాలో మీటరు పెట్టె ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు ఉమాకాంత్. ఫ్యాన్లు తిరగడం లేదు, టీవీ మోగడం లేదు. ఆదివారం పొద్దున ఇల్లు కరెంటు పోయిన ఇల్లులా ఉంది. కరెంటు మాత్రం ఉంది.

“నాన్నా, ఎండాకాలంల ఫ్రిజ్ ఆర్పుతరా ఎవరన్న?”

“ఆర్పినా తిరుగుతున్నదే. ఇగో, నువ్వే చూడు.” మీటరు మీద ఎర్రచుక్క టపటప కొట్టుకుంటోంది. “జరసేపు ఆగుతది, దొంగ ఊపిరి పీల్చుకున్నట్టు. మళ్ల మొదలువెడ్తది. ఇంట్ల ఒక్క స్విచ్చు ఏసి లేదు. మరి తింటున్నదెవరు?”

“మమ్మల్ని మాత్రం నువ్వే తింటున్నవ్.”

ఆయన వినలేదు. విన్నా పట్టించుకునే స్థితిలో లేడు.

సకల జనుల సమ్మె ముగిసిన నెలలోనే ఉమాకాంత్ రిటైరయ్యాడు. దండలు వేసి ఇంటి దాకా దింపి వెళ్లారు ఆఫీసువాళ్లు. మర్నాటి నుంచి ఆయన మంచం దిగలేదు. గోడ వైపు తిరిగి పడుకునేవాడు. అన్నం పెడితే తిన్నంత తిని మళ్లీ గోడ వైపే. పలకరిస్తే ఊ, లేకపోతే అదీ లేదు. నారాయణగూడలో చూపిస్తే ఒంట్లో ఏ రోగమూ లేదన్నాడు డాక్టరు. చలికాలమంతా అట్లాగే గడిచింది. ఎండలు ముదరకముందే కరెంటు బిల్లు ఒక్కసారిగా ఎగిరి కూర్చుంది. ఆ కాగితం చూసి ఉమాకాంత్ లేచి కళ్లద్దాలు అడిగాడు.

ఆ రోజు రచన సంతోషించిన మాట నిజమే. ఇప్పుడది తలుచుకుంటేనే ఒళ్లు మండుతోంది.

మొదట ఇస్త్రీపెట్టె అటకెక్కింది. తర్వాత మిక్సీ. అరుంధతి ఈ వయసులో పచ్చళ్లు రోట్లో నూరుకుంటోంది. ఆమె సాయంత్రం సీరియలుకూ గండిపడింది. అక్కడితో ఆగినా బాగుండు. పక్క గల్లీలో హాస్టల్ నడిపే రాఘవేందర్ మన తీగకు కొక్కెం తగిలించాడని అతని మీదికి యుద్ధానికి పోయాడు ఉమాకాంత్. రాఘవేందర్ కోప్పడకుండా తన వైర్లన్నీ చూపించి, చాయ్ పోసి, “సార్, మా బిల్లు గూడ జర చూడున్రి” అన్నాడట. అప్పటి నుంచి హాస్టల్ మీటరూ ఈయన పూచీలోకే వచ్చింది. అశోక్‌నగర్‌లో ఆ గల్లీ అంతా ఇప్పుడు ఉమాకాంత్‌ను మీటర్ సార్ అంటోంది. అంబర్‌పేట నుంచి ఆటో దిగిన రచనను కూడా, “మీటర్ సార్ బిడ్డవా అమ్మా?” అని అడిగింది కూరగాయల నర్సింహమ్మ.

“ఎలక్ట్రీషియన్‌ను పిలువరాదా నాన్నా? నీకేమో ఫ్యూజు ముట్టాలంటేనే భయం.”

“పిలిచిన. మీ అమ్మ గేటు కాడనే మర్లగొట్టింది.”

“వానికేం తెలుస్తది?” అంది అరుంధతి వంటింట్లోంచి. “మీ నాన్న కంటె ఎక్కువ చూస్తడా వాడు?”

రచన తల పట్టుకుంది. ఈమె ఇట్లా ఎక్కించబట్టే ఆయన ఇట్లా తయారయ్యాడు.

“ఇగ నావల్ల కాదు. ఇయ్యాల ఆ దొంగ దొరకకపోతే అమ్మను మా ఇంటికి తీస్కపోత. నువ్వూ నీ మీటరూ కాపురం చేసుకోండ్రి.”

“నేనేడికి రాను,” అంది అరుంధతి.

“ఏమే, పైన చూసొచ్చినవా?” అన్నాడు ఉమాకాంత్, ఈ గొడవ తనది కానట్టు.

“పొద్దుగాల్నే చూసిన. అన్నీ బందే ఉన్నయ్.”

మేడ మీద ఒక గది ఉంది. గ్రూప్స్‌కు చదివే పిల్లలకు కిరాయికి ఇచ్చేవారు. వాళ్లు ఖాళీ చేశాక ఇంకెవరూ రాలేదు. ఉమాకాంత్ మోకాళ్లకు మెట్లు పడవు గనుక పై తనిఖీ అరుంధతిదే. ఆయన కింద మీటరు చూస్తుంటే ఆమె పైనుంచి, “బంద్ చేసిన” అని కేకేసేది.

“నేను చూసొస్త,” అంది రచన.

“పైకెందుకే? అంత దుమ్ము. తాళంచెవి యాడ పెట్టిన్నో.”

తాళంచెవి ఆమె నడుముకే వేలాడుతోంది. రచన దాన్ని లాక్కుని మెట్లెక్కింది.

గదిలో బల్బు లేదు, ఫ్యాను ఆగి ఉంది. రెండు కుర్చీలు ఒకదాని మీద ఒకటి. బాత్‌రూమ్ తలుపు తోసింది. గోడ మీద పాత గీజరు ఎర్రదీపం వెలిగించుకుని సన్నగా ఉడుకుతోంది. కుళాయి తిప్పితే పొగలు కక్కుతూ నీళ్లు పడ్డాయి.

మనిషన్నవాడు లేని గదిలో స్నానానికి వేణ్ణీళ్లు. రచనకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

“ఏమన్న కనవడ్డదా బిడ్డా?” కింద నుంచి కేకేశాడు ఉమాకాంత్. “నేను రాఘవేందర్‌ను గూడ రమ్మంటున్న, ఇద్దరం కలిసి ఇయ్యాల దాని సంగతి చూస్తం.”

రచన స్విచ్చు మీద చెయ్యి వేసింది. అప్పటికే మెట్లన్నీ ఎక్కేసి, రొప్పుతూ, గరిటెతో సహా వచ్చిన అరుంధతి ఆ చేతిని పట్టుకుంది.

“అమ్మా, ఇదేనే. మర్చిపోయినట్టున్నవ్.”

అరుంధతి బాత్‌రూమ్ తలుపు దగ్గరికి వేసి, గొంతు తగ్గించి అంది:

“బంద్ చెయ్యకు బిడ్డా, మీ నాన్న మళ్ల పండుకుంటడు.”