పరాయి పిల్ల

"కాలు ఇలా పెట్టు తల్లీ, బూటు ఎక్కడం లేదు" అంటూ రత్తమ్మ నేల మీద చతికిలబడింది.

లిల్లీకి నాలుగేళ్ళు. ఒక్కచోట నిలబడే రకం కాదు. కొత్త గౌను పట్టుకుని గిరగిరా తిరుగుతూ, "ఆయా, ఓడలో కేకు ఉంటుందా?" అని పదోసారి అడిగింది.

"ఉండకేం? నీకు లేని కేకు ఇంకెవరికుంటుంది!" అనేసి రత్తమ్మ మొహం పక్కకు తిప్పుకుంది. తను ఏడిస్తే పాప బెంగపడుతుంది.

అది 1883లో క్రిస్మస్ పొద్దు. నరసాపురం మిషన్ బంగళా గుమ్మాలకు బంతిపూలు వేలాడుతున్నాయి. మర్నాడే పాదిరి దొర, దొరసాని పాపను తీసుకుని కాలువ పడవలో కాకినాడకు, అక్కడి నుంచి ఓడలో సీమకు వెళ్ళిపోతారు. ఇక తిరిగి రారు. పాపకు పాలివ్వడానికి వచ్చి, నాలుగేళ్ళుగా రాత్రనక పగలనక సాకిన ఆయాను మాత్రం తీసుకెళ్ళరట. ఆ మాట విన్న దగ్గర్నుంచి రత్తమ్మకు ముద్ద దిగడం లేదు.

వంటవాడు వీరాస్వామి చూసి చూసి విసుక్కున్నాడు. "ఏంటే రత్తమ్మా ఈ ఏడుపు? ఎంత సాకినా పరాయి పిల్ల పరాయిదేనే!"

"నాదని ఎవరన్నారు మావా? పరాయిదే! ముమ్మాటికీ పరాయిదే!" అని గయ్యిమంది రత్తమ్మ.

వీరాస్వామి బిత్తరపోయి పొయ్యిలో కట్టెలు ఎగదోసుకున్నాడు. మంచికి పోతే చెడు ఎదురైందనుకున్నాడు పాపం.

ప్రార్థన అయ్యాక దొరసాని పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని రత్తమ్మను పిలిచింది. ఆవిడ తెలుగు పుస్తకాల్లో నేర్చింది.

"ఎందుకు దుఃఖించుచున్నావు? దేవుడు తన బిడ్డను పరాయివారి చేతులలో పెట్టిన దినము ఇది. సంతోషింపవలెను."

రత్తమ్మ చటుక్కున తలెత్తింది. "మళ్ళీ తీసేసుకున్నాడాండి?"

"తీసుకొనెను. అయితే ఆ కుమారుడు మరణించిన తరువాతనే."

రత్తమ్మ ఉలిక్కిపడి పాప వైపు చూసింది. దేవుడంతటి వాడికే అంతయితే మనుషులెంత!

"ఈ పండుగకు నీకేమి కావలెనో అడుగుము" అంది దొరసాని.

"నన్ను కూడా ఓడెక్కించండి అమ్మగారూ! జీతం వద్దండి. మీ గుమ్మంలో పడుంటానండి. పాపని కళ్ళతో చూసుకుంటే చాలండి" అంటూ రత్తమ్మ ఆవిడ కాళ్ళ మీద పడింది.

దొరసాని చెడ్డ మనిషి కాదు. ఆవిడ కళ్ళూ చెమర్చాయి. "అది జరుగదు. అచ్చటి చలికి నీవు బ్రతుకవు."

"పోనీ, పాపనే ఇక్కడ ఉంచెయ్యండి!"

ఆ మాట ఎలా వచ్చేసిందో రత్తమ్మకే తెలియదు. దొరసాని కోప్పడలేదు. "పిచ్చిదానా! పాలిచ్చినంత మాత్రమున తల్లివగుదువా? నీవు కన్న బిడ్డయైన యెడల నేను తాకనైనను తాకను. తల్లినీ బిడ్డనూ వేరుచేయుట మహాపాపము. నీకు పిల్లలు లేరా?"

రత్తమ్మ నోరు తెరిచింది. పాప ఒళ్ళోంచి జారి వచ్చి ఆమె కొంగు పట్టుకుని గుంజుతోంది. నున్నటి బుగ్గలు. నాలుగేళ్ళలో జ్వరమన్నది ఎరగని ఒళ్ళు. రత్తమ్మ ఆ పిల్లను చూసి, తెరిచిన నోరు మూసుకుంది.

"ముగ్గుర్ని కన్నానండి. ఒక్కరూ ఏడాది దాటలేదండి. ఇక నాకెవ్వరూ లేరండి" అంది చివరికి.

మర్నాడు పొద్దున్నే పడవ కదిలింది. పాప నవ్వుతూ చెయ్యి ఊపింది. రత్తమ్మ గట్టు వెంట లాకుల దాకా పరిగెత్తి, పడవ మలుపు తిరిగాక మట్టిలో కూలబడింది.

వెనకే వగరుస్తూ వచ్చాడు వీరాస్వామి. "ఊరుకోవే తల్లీ! కన్నతల్లి కూడా ఇంత ఏడవదు" అన్నాడు.

పరాయిదైతేనే నాలుగో బిడ్డయినా దక్కుతుందని నమ్మి, పుట్టిన నాడే తల్లి లేని పిల్ల అంటూ మంత్రసాని చేత లిల్లీని చేటెడు తవుడుకు దొరసానికి అమ్మించింది రత్తమ్మే.