నో అన్న కంప్యూటర్

కంప్యూటర్ ‘నో’ అంది.

డ్రాయింగ్ మాస్టారు కుర్చీలోంచి ముందుకు వంగి తెరను చూశాడు. పాత డిస్కు తీసి కొత్తది బిగించారు. మెమరీ రెట్టింపు చేశారు. తీగల్లేని కొత్త కీబోర్డు పెట్టారు. టిఫిన్ డబ్బా అంత ఉన్న ఆ చిన్న పెట్టె ఇప్పుడు ఒకే ఒక్క ప్రశ్న అడుగుతోంది: ‘కొత్త సిస్టం ఎక్కించమంటారా? ఎస్ లేదా నో అని టైప్ చేయండి.’

మాస్టారు ఎస్ అని కొట్టాడు. తెర మీద ఏమీ పడలేదు. కాసేపటికి, ఎవరూ ముట్టుకోకుండానే, ‘నో’ అని పడింది. ప్రశ్న మళ్లీ మొదటికొచ్చింది.

“ఏంట్రా ఇది?”

“నువ్వే ఏదో తప్పు నొక్కి ఉంటావు బావా,” అన్నాడు బావమరిది. సెల్‌ఫోన్లు బాగుచేసే మనిషి. పొద్దుట్నుంచీ స్క్రూడ్రైవర్ దించకుండా ఆ పెట్టెను విప్పి బిగించింది అతనే.

“ఎస్‌కీ నోకీ తేడా తెలీదా నాకు?”

“అక్కని చూడ్డానికి వచ్చినరోజు తెలీలేదుగా!”

“నాకు వినిపిస్తోంది!” లోపలి గదిలోంచి కేక.

మాస్టారు ఈసారి ఒక్కో అక్షరం చూసుకుంటూ కొట్టాడు. తెర ఖాళీ. మళ్లీ కొట్టాడు. ఖాళీ. చేతులు పైకెత్తి కూర్చున్నాడు. అప్పుడు పడింది, ‘నో’ అని.

బావమరిది మొహంలో నవ్వు పోయింది. “వైరస్ ఏమో బావా.”

“కొత్త డిస్కులో వైరస్ ఎక్కడిదిరా? కవరు చింపింది ఇందాకేగా!”

“అయితే మెమరీకీ డిస్కుకీ పడట్లేదేమో.”

“పడకపోవడానికి అవేమన్నా అత్తాకోడళ్లా?”

భార్య తడి చేతులు తుడుచుకుంటూ వచ్చి ఇద్దరి వెనకా నిలబడింది. “రేపు పొద్దున్నే పిల్లలకి తెరమీద క్లాసు మొదలుపెట్టాలి. మీరేమో దీంతో పోట్లాట పెట్టుకు కూర్చున్నారు. ఇంకోపక్క అసలు ఇల్లే ఉంటుందో ఊడుతుందో తెలీదు. ఆ కొనే పార్టీకి ఓనరు గారు జవాబు చెప్పేది ఇవాళే కదండీ?”

“అమ్మడే! మెట్ల దగ్గర నాతో అన్నాడు. మిమ్మల్ని కదిలించనయ్యా, నిశ్చింతగా ఉండమన్నాడు.”

“ఆయన మాట మీద ఉంటే చాలు. ఇంత వెలుతురున్న గది, పిల్లలు గోడకి రంగులు పూసినా నవ్వే ఓనరు మళ్లీ ఎక్కడ దొరుకుతారు? ఇది పోతే మన క్లాసులూ లేవు, ఏమీ లేవు.”

“ముందు దీని సంగతి తేలనీ.” మాస్టారు మళ్లీ కీబోర్డు మీద పడ్డాడు. ఎస్. ఎస్. ఎస్.

“మెల్లగా! అది కీబోర్డు, రుబ్బురోలు కాదు.”

తెర మీద అక్షరాలు కదిలాయి. ముగ్గురూ మెడలు సాచారు.

‘సారీ. నో.’

మాస్టారు కీబోర్డు మీంచి చేతులు తీసేశాడు. నో అంటే ఏదో పాడయిందనుకోవచ్చు. సారీ ఎవరు చెబుతున్నట్టు?

“బావా, నెట్ కనెక్షన్ పీకేశాను చూడు,” బావమరిది తీగ చేత్తో పట్టుకుని చూపించాడు. “బయటివాడెవడూ దూరే దారి లేదు.”

‘నో నో నో’ అని పడింది తెర మీద.

“మర్యాదగా చెప్తే వినదు ఇది!” మాస్టారు పట్టుదలగా వరసపెట్టి ఎస్‌లు కొట్టాడు. ఊపిరి అందక ఆగాడు. తెర కూడా ఆగిపోయింది. ఇక నో రాలేదు. ఎస్ కూడా రాలేదు.

“అలిసిపోయినట్టుంది,” అంది భార్య.

తలుపు తట్టిన చప్పుడైంది. మేడ మీద ఓనరు. చంకలో కీబోర్డు.

“ఏమయ్యా, పొద్దున నాకు బిగించి వెళ్లావే ఇది,” అన్నాడు బావమరిదితో, “నేను కొట్టింది తెర మీద పడట్లేదు. కొట్టనిది పడుతోంది!”

బావమరిది ఆ కీబోర్డు చూశాడు. బల్ల మీది కీబోర్డు చూశాడు. రెండూ ఒకటే రకం. గబగబా మేడెక్కి, కీబోర్డు సంకేతాలు అందుకునే గోరంత రిసీవర్ పట్టుకుని దిగొచ్చాడు. మాస్టారి పెట్టె వెనక గుచ్చిన అలాంటి ముక్కనే పీకి, చేతిలోది అక్కడ పెట్టాడు.

“ఇప్పుడు కొట్టు బావా.”

మాస్టారు కొట్టాడు. తెర మీద ముచ్చటగా ‘ఎస్’ అని పడింది. పెట్టె బుద్ధిగా పని మొదలుపెట్టింది.

“రెండు కీబోర్డుల డబ్బాలూ ఒకేసారి విప్పాను,” బావమరిది తల గోక్కున్నాడు. “మీ రిసీవర్ ఆయనకీ, ఆయనది మీకూ పెట్టేశా. నువ్వు ఇక్కడ కొట్టింది పైన పడింది. ఆయన పైన కొట్టింది ఇక్కడ పడింది.”

మాస్టారు పగలబడి నవ్వాడు. “దయ్యమో భూతమో అనుకున్నాం కదరా!” భార్య కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. బావమరిది నేల మీద చతికిలబడి మరీ నవ్వాడు.

ఓనరు నవ్వలేదు. పిల్లలు కూర్చునే పొట్టి స్టూలు లాక్కుని దాని మీద కూర్చున్నాడు.

“మావల్ల మీ పనేమీ పాడవలేదు కదండీ?” అంది భార్య, నవ్వు ఆపుకుంటూ.

“పనేముందమ్మా. ‘ఇల్లు మాకు ఖాయమేనా? ఒక్క ముక్కలో చెప్పండి’ అని ఆ పార్టీ కంప్యూటర్లో మెసేజ్ పెట్టాడు. జవాబు చూసుకుని అప్పటికప్పుడే నా ఖాతాలో బయానా వేసేశాడు.”

భార్య అడ్డం పెట్టుకున్న కొంగు దించింది.

“మీరు... మీరు ఏమన్నారండీ?”

“నేను నో అనే అన్నాను,” ఓనరు మాస్టారి వైపు చూశాడు. “మీ ఆయన ఎస్ అన్నాడమ్మా.”